భిన్నకాలిక శిక్షణ పాఠాల్లో శంకాసమాధాన పద్ధతి: హైదరాబాద్ పాతబస్తీ తెలుగు బోధన నేపథ్యం

ప్రవేశిక

ఉద్యోగంలో చేరిన తరువాత ఉపాధ్యాయులకు ఇచ్చే శిక్షణను వృత్త్యంతర శిక్షణ అంటారు. చాలాకాలం ఇది మండల కేంద్రంలోనో జిల్లా కేంద్రంలోనో ఒక గదిలో జరిగేది. శిక్షకుడు చెబుతుంటే ఉపాధ్యాయులు వినేవారు, సందేహం వస్తే అక్కడే అడిగేవారు. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు ఈ శిక్షణ మొబైల్ ఫోనులోకి మారింది. బడులు తెరిచిన తరువాత కూడా అందులో కొంత భాగం అక్కడే నిలిచిపోయింది. ఇప్పుడు పాఠం తయారైన కాలం వేరు, దాన్ని చదివే కాలం వేరు. ఎవరి వీలును బట్టి వారు చదువుకొనే ఈ పాఠాలను ఈ వ్యాసం ‘భిన్నకాలిక పాఠాలు’ అని వ్యవహరిస్తుంది.

ఈ పాఠాల గురించి చర్చ ఎక్కువగా సాంకేతికత, విద్యాశాస్త్రాల పరిధిలోనే సాగుతోంది. అయితే తెలుగులో వెలువడిన ప్రతి శిక్షణ పాఠమూ తెలుగు వచన రచనే. దానికి ఒక కర్త, ఒక ఊహిత పాఠకుడు, ఒక వాక్యశైలి ఉంటాయి. కాబట్టి అది సాహిత్య విమర్శకూ లోబడుతుంది. గురువు ఎదుట లేని పాఠంలో పాఠకుని శంకను పాఠమే ముందుగా ఊహించి సమాధానం చెప్పాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఈ పద్ధతి తెలుగు వ్యాఖ్యాన సంప్రదాయంలో ఉంది. దాని అవసరం ఎంతటిదో హైదరాబాద్ పాతబస్తీ బడుల్లో తెలుగు చెప్పే ఉపాధ్యాయుని స్థితి తెలుపుతుంది.

సూత్రం, వ్యాఖ్య, స్వయంబోధన

చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. అది సూత్రరూపంలో ఉంది. సూత్రం ధారణకు అనువైనది, కాని గురుముఖం లేకుండా సులభంగా బోధపడదు. ఆ లోటును తీర్చడానికి వ్యాఖ్యలు పుట్టాయి. కల్లూరి వేంకటరామశాస్త్రి గుప్తార్థప్రకాశిక, దూసి రామమూర్తిశాస్త్రి రమణీయము ఈ కోవలోనివి. శాస్త్రవ్యాఖ్యలో వ్యాఖ్యాత సూత్రార్థం చెప్పి ఊరుకోడు. చదువరికి ఎక్కడ అడ్డు తగులుతుందో ఊహిస్తాడు, ఆ అభ్యంతరాన్ని తానే లేవనెత్తుతాడు, దానికి సమాధానం చెబుతాడు. పూర్వపక్షం, సిద్ధాంతం అనే ఈ క్రమం వల్ల తరువాతి తరాలవారు కూడా ఆ గ్రంథంతో సంభాషించగలుగుతారు. వ్యాఖ్యాతకూ చదువరికీ మధ్య ఎన్ని దశాబ్దాలు గడిచినా శంక వచ్చేచోట సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ అర్థంలో వ్యాఖ్యానం భిన్నకాలిక పాఠమే.

ఆధునిక కాలంలో ఈ అవసరాన్ని గుర్తించిన సంస్థ హైదరాబాదులోనే పుట్టింది. 1982లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. జి. రామ్‌రెడ్డి దానికి తొలి ఉపకులపతి. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారిని దృష్టిలో పెట్టుకొని సార్వత్రిక విద్యాసంస్థలు స్వయంబోధన పాఠానికి ఒక నిర్మాణం ఏర్పరచాయి. మొదట లక్ష్యాలు, తరువాత చిన్నచిన్న విభాగాలు, మధ్యమధ్య చదువరి తనను తాను పరీక్షించుకొనే ప్రశ్నలు, చివర సమాధానాలు, పదకోశం ఈ నిర్మాణంలోని అంగాలు. వ్యాఖ్యాన పద్ధతితో పోలిస్తే ఇందులో ఒక భేదం ఉంది. వ్యాఖ్యలో ప్రశ్న చదువరి పక్షాన పుడుతుంది. స్వయంబోధన పాఠంలో ప్రశ్న చదువరిని పరీక్షించడానికి పుడుతుంది. అయినా ఆ ప్రశ్న పాఠం మధ్యలో ఉండడం వల్ల చదువరి ఆగి ఆలోచించే అవకాశం మిగిలింది.

దీక్ష, నిష్ఠ

కేంద్ర ప్రభుత్వం 2017లో ‘దీక్ష’ అనే డిజిటల్ వేదికను ప్రారంభించింది. 2019లో ‘నిష్ఠ’ పేరుతో మొదలైన ప్రత్యక్ష ఉపాధ్యాయ శిక్షణ 2020 అక్టోబరులో ఆ వేదిక మీదికి మారింది. ప్రాథమికోన్నత స్థాయి వరకు బోధించేవారికి 18 పాఠ్యభాగాలు రూపొందాయి. 2021లో పునాది భాషా గణిత సామర్థ్యాల మీద మరో 12 వచ్చాయి. రెండు పేర్లూ ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో కూర్చినవే. అయినా తెలుగు చెవికి అవి గురుశిష్య సంప్రదాయపు మాటలుగా వినిపిస్తాయి. దీక్ష ఇచ్చేవాడు గురువు, నిష్ఠతో సేవించేది గురువును. గురువు ఎదుట లేని శిక్షణకు ఈ పేర్లు అమరడం విచిత్రమే అయినా, పాఠం భర్తీ చేయవలసిన స్థానం ఏదో అవే చెబుతున్నాయి.

ఈ శిక్షణ ప్రయోజనాలను తక్కువచేసి చూడరాదు. పాత పద్ధతిలో రాష్ట్రస్థాయిలో శిక్షణ పొందినవారు జిల్లాకు, జిల్లావారు మండలానికి చెప్పేవారు. మెట్టు మెట్టుకూ విషయం పలచబడేది. ఇప్పుడు తయారైన పాఠం అందరికీ ఒకే రూపంలో అందుతుంది. అర్థం కానిచోట మళ్లీ వినవచ్చు. అయితే అందరికీ ఒకే రూపంలో అందడమే పరిమితి కూడా. దేశమంతటికీ ఒకచోట తయారైన పాఠం తెలుగులోకి వచ్చినప్పుడు భాష మారుతుంది గాని ఊహిత పాఠకుడు మారడు.

వాక్యంలో కర్త లోపించడం

అనువాద శిక్షణ వచనంలో తరచుగా ఎదురయ్యే వాక్యరీతికి నమూనాగా కల్పించిన ఈ వాక్యాన్ని చూడవచ్చు: ‘అభ్యాసకుల భాషా వైవిధ్యం తరగతిగదిలో ఒక వనరుగా పరిగణించబడవలసి ఉంటుంది.’ ఇందులో తప్పు పదం ఒక్కటీ లేదు. కాని పరిగణించవలసినది ఎవరో తెలియదు. తెలుగు వాడుకలో కర్మణి వాక్యం అరుదు. ఆంగ్ల వాక్యనిర్మాణం వెంట అది తెలుగులోకి వచ్చినప్పుడు కర్త కనుమరుగవుతాడు. వార్తలో ఇది శైలీదోషం మాత్రమే కావచ్చు. శిక్షణ పాఠంలో పని చేయవలసినవాడే వాక్యంలో లేకుండా పోతాడు. ‘పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో మొదటి ప్రశ్న అడగండి, జవాబు ఆ భాషలో వచ్చినా ఒప్పుకోండి’ అన్నప్పుడు చేసేవారు ఎవరో, చేయవలసింది ఏమిటో స్పష్టమవుతుంది. అప్పుడే శంక కూడా పుడుతుంది: ‘ఆ భాష నాకు రాకపోతే?’ మొదటి వాక్యం ఈ శంకకు చోటివ్వదు. శంక పుట్టనిచోట సమాధానం అవసరం కనబడదు.

పారిభాషిక పదాల విషయం వేరు. ‘సామర్థ్యం’, ‘అభ్యసన ఫలితం’ వంటివి పాఠ్యపుస్తకాల ద్వారా ఉపాధ్యాయులకు అలవాటైన మాటలు. క్లిష్టత పదంలో కంటే వాక్యంలోనే ఎక్కువగా ఉంది.

పాతబస్తీ శంకలు

చార్మినార్, బహదూర్‌పుర, బండ్లగూడ, సైదాబాద్ మండలాల బడుల్లో ఉర్దూ మాధ్యమం బలంగా ఉంది. తెలంగాణలో 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. 2018లో వచ్చిన చట్టం అన్ని బడుల్లోనూ తెలుగు బోధనను దశలవారీగా తప్పనిసరి చేసింది. ఈ రెండింటి కూడలిలో నిలబడినవారు పాతబస్తీ తెలుగు ఉపాధ్యాయులు. వారి తరగతిలో చాలామంది పిల్లల ఇంటిభాష దక్కనీ. తెలుగు మాతృభాష అయిన పిల్లవాణ్ణి ఊహించుకొని రాసిన బోధన సూచన ఇక్కడ అక్షరాలా పనికిరాదు.

ఈ ఉపాధ్యాయుల శంకలు నిర్దిష్టమైనవి. ఉర్దూలో ‘ళ’ ధ్వని లేదు, ‘కల’, ‘కళ’ల తేడాను పిల్లల చెవికి ఎలా పట్టించాలి? ఉర్దూలో ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అవుతుంది. కాగితం పుంలింగం, పుస్తకం స్త్రీలింగం. తెలుగులో ‘అమ్మ వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని ఒకే క్రియ వస్తుంది. బహువచనంలో మాత్రం ‘అమ్మలు వచ్చారు’, ‘బస్సులు వచ్చాయి’ అని విడిపోతుంది. దీన్ని ఏ వరసలో నేర్పాలి? కుడినుంచి ఎడమకు రాస్తూ, హ్రస్వాచ్చులను సాధారణంగా గుర్తులతో చూపని లిపికి అలవాటుపడిన చేతికి ప్రతి అచ్చునూ గుణింతంతో చూపే లిపిని ఎలా అలవాటు చేయాలి?

అడ్డంకులతో పాటు ఆసరాలూ ఉన్నాయి. ఇతరుల మాటను అనుకరించి చెప్పేటప్పుడు తెలుగు ‘అని’ వాడుతుంది. దక్కనీలో ఆ పనిని ‘బోల్‌కే’ చేస్తుంది. ఉత్తరాది ఉర్దూలో ‘కి’ ముందు వచ్చి చెప్పిన మాట తరువాత వస్తే, దక్కనీలో తెలుగులో లాగే మాట ముందు వచ్చి ‘బోల్‌కే’ తరువాత వస్తుంది. శతాబ్దాల సహజీవనం వల్ల దక్కనీ పొందిన ద్రావిడ లక్షణం ఇది. తెలుగు వాక్యంలో ఒక కీలక నిర్మాణం పాతబస్తీ పిల్లల నోట ముందే ఉందన్నమాట. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయునికి తరగతి తేలికవుతుంది. ఇది చెప్పని శిక్షణ పాఠం ఎంత చక్కని దృశ్యాలతో ఉన్నా ఆ ఉపాధ్యాయునికి అసంపూర్ణమే.

మూల్యాంకనం, వ్యాఖ్యానం

ఈ తరహా పాఠాల చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఆపైన ధ్రువపత్రం ఉంటాయి. యంత్రం దిద్దగలిగిన ప్రశ్నలే అడగడం ఆ విధానపు అవసరం. కాని నాలుగు సమాధానాల్లో ఒకటి ఎంచుకున్న ఉపాధ్యాయునికి తన ప్రశ్న చెప్పుకొనే చోటు దొరకదు. పాఠాన్ని పూర్తిచేసినవారి సంఖ్య లెక్కకు వస్తుంది, పాఠం తీర్చలేని శంకల సంఖ్య రాదు.

ఆ శంకలు వినిపించే చోటు మరొకటి ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఉపాధ్యాయులు ఎదురెదురుగా కూర్చొని తరగతి సమస్యలు మాట్లాడుకుంటారు. అక్కడ లేచిన ప్రశ్నలను నమోదుచేసి, సమాధానాలతో సహా పాఠం తరువాతి కూర్పులో చేర్చితే, అది ఒక సూత్రగ్రంథానికి వ్యాఖ్య తోడైనట్లవుతుంది. మూలపాఠం దేశమంతటికీ ఒకటే ఉండవచ్చు. వ్యాఖ్య మాత్రం పాతబస్తీకి ఒకటి, ఆదిలాబాద్ గోండి గూడేలకు మరొకటి ఉండాలి.

ముగింపు

భిన్నకాలిక శిక్షణ పాఠం విలువను దాని దృశ్యాల సంఖ్యతోనో పూర్తిచేసినవారి సంఖ్యతోనో నిర్ణయించడం చాలదు. పాఠకుని శంకలను ఎన్నింటిని అది గుర్తించింది, వాక్యంలో కర్తను నిలిపిందా, స్థానిక వ్యాఖ్యకు చోటు వదిలిందా అన్నవి దానికి వర్తించవలసిన ప్రమాణాలు. ఈ పరిశీలన భాషాసాహిత్య శాఖల పరిధిలోనిది. పాఠపరిష్కరణ, వ్యాఖ్యాన అధ్యయనం, మాండలిక పరిశోధన ఈ శాఖల్లో ఎప్పటినుంచో సాగుతున్నాయి. ఆ పనిముట్లతో శిక్షణ పాఠాన్ని సమీక్షించే బాధ్యతను తెలుగు శాఖలు స్వీకరించకపోతే, చట్టం తప్పనిసరి చేసిన తెలుగు పాతబస్తీ పిల్లలకు పరీక్షలో గట్టెక్కవలసిన ఒక విషయంగానే మిగిలే ప్రమాదం ఉంది.