వల్లెయు బోధమును

ఉన్నతవిద్యాలయములలో విద్యార్థు లెట్లు నేర్చుచున్నారను విషయమై గడచిన యర్ధశతాబ్దమున విస్తారమగు పరిశోధనము జరిగినది. దానిలో నొక పెద్దశాఖకు మూలమనఁదగినది, స్వీడను దేశమందలి గోథెన్‌బర్గు విశ్వవిద్యాలయమున ఫెరెన్సు మార్టన్, రోజర్ సాల్యో అను విద్వాంసులు 1976లో ప్రకటించిన వ్యాసము. వారు విద్యార్థులచేత నొక గద్యభాగమును చదివించి, పిమ్మట దాని యభిప్రాయ మేమని యడిగిరి. కొందఱు రచయిత యుద్దేశమును వెదకుచు చదివిరి. కొందఱు మీఁద రాఁబోవు ప్రశ్నలను తలఁచుకొని మాటలను పట్టుకొనఁజూచిరి. మొదటిది లోఁతు చదువు, రెండవది పైపై చదువు. ఎంత గుర్తున్నదని కాక యేమి యర్థమైనదని యడుగుట యీ వ్యాసమునకు గల ఘనత. దానిని కాదనరాదు.

చిక్కు దాని సంతానముతో వచ్చినది. సంభాషణమున తేలిన భేదమును ప్రశ్నావళులలో నిమిడ్చి, దేశదేశముల విద్యార్థులను వానితో కొలుచుట యాచారమైనది. జాన్ బిగ్సు కూర్చిన ప్రశ్నావళి యిందు ప్రసిద్ధము. 2001లో సంస్కరింపఁబడిన దాని రూపమున 20 వాక్యము లున్నవి. అందొకటి, అర్థము కాకున్నను మరల మరల చదివి నోటికి తెచ్చుకొను నలవాటు కలదా యని విద్యార్థి నడుగును. ఇం దడిగినవి రెండు: వల్లె వేయుట యొకటి, అర్థము కాకుండుట యొకటి. అర్థమగుటకొఱకే వల్లె వేయువాఁడు బదు లేమని చెప్పవలెను? లేదన్నచో అతని సాధన మఱుగుపడును. కలదన్నచో అతఁడు పైపై చదువరుల జాబితాలో చేరును.

ఈ శంక తెలుగువారికి మాత్రమే పుట్టినది కాదు. చీనా విద్యార్థులను గూర్చి 1996లో వెలువడిన సంపుటమున, కంఠస్థము చేయుట బోధమునకు దారియు కాఁగలదని చూపఁబడినది. ఆ సంపుటమునకు సంపాదకులలో బిగ్సు ఒకఁడు. అందు మార్టనును వ్రాసెను. తమ విభాగమునకు తామే సవరణము చేసికొన్న ఆ పెద్దల నిజాయితీ మెచ్చఁదగినది. ప్రశ్నావళులను మాత్రము పలువు రింకను వెనుకటివలెనే వాడుచున్నారు.

నైషధమున నలుని విద్యను వర్ణించుచు శ్రీహర్షుఁడు అధీతి, బోధము, ఆచరణము, ప్రచారణము అని నాలుగు దశలు చెప్పెను. శ్రీనాథునివలన ఆ కావ్యము తెలుగువారికి సొంతమైనది. అక్కడ అధీతి బోధమునకు శత్రువు కాదు, దాని ముందుమెట్టు. అమరకోశమును బాల్యమున వల్లించినవాఁడు కావ్యపాఠమునాఁడు దాని ఫలమును పొందును. వల్లించిన దినముననే యతనిని పరీక్షించుట నాటిన నాఁడే చెట్టును పండ్లడుగుట. అయినను పండితు లిందు గర్వింపఁ బనిలేదు. మెట్టుమీఁదనే కూర్చుండినవాఁడు మేడ యెక్కఁడు. పరీక్షకు ముందు ప్రశ్నోత్తరసంగ్రహములను మ్రింగి, పరీక్ష ముగిసిన నాఁడే మఱచు విద్యార్థికి శ్రీహర్షుని సాక్ష్యము చెల్లదు. అట్టివానిని గోథెన్‌బర్గువారు సరిగానే పట్టిరి.

నాదము ముందు, అర్థము వెనుక వచ్చుటకు మదనపల్లె చరిత్రమున నొక చక్కని యుదాహరణము కలదు. అనిబిసెంటు 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు వచ్చెను. ఐర్లండు కవి జేమ్సు కజిన్సు అప్పు డక్కడ నుండెను. ఒక సాయంకాలపు సభలో రవీంద్రుఁడు తన జనగణమన గీతమును పాడఁగా, సభవారు పల్లవిలో గొంతు కలిపిరి. కజిన్సు భార్య మార్గరెట్ దానికి స్వరలిపి కట్టెను. ఆ గీతమునకు ఆంగ్లరూపమును కవి యచ్చటనే వ్రాసెను. పిమ్మట కళాశాల యా పాటను తన ప్రార్థనగా స్వీకరించెను. తత్సమపదములు కొంత తోడ్పడియుండును. అయినను వంగభాష నెఱుఁగని వానికి ముందు చెవిని పడినది రాగమే. 1950లో జాతీయగీతమైన యా పాటను అక్కడ పాడినవారు పైపై నేర్చిరని యే ప్రశ్నావళి నిర్ణయింపఁగలదు?

ఇంతకంటె పెద్దదోషము భాషాగతము. గోథెన్‌బర్గున విద్యార్థులు తమ దేశభాషలో చదివి, తమ దేశభాషలోనే బదులు చెప్పిరి. పుంగనూరు ప్రాంతపు పల్లెనుండి మదనపల్లెకు చదువ వచ్చిన తెలుగు విద్యార్థికి ఇంటిభాష యొకటి, పాఠ్యగ్రంథముల యాంగ్ల మొకటి. అతఁ డాంగ్లవాక్యమును ఉన్నదున్నట్లు పట్టుకొనుట భావముపై నిర్లక్ష్యమువలన కాకపోవచ్చును. దానిని మార్చి చెప్పుటకు వలసిన మాటలు చేతికి రాకపోవుటవలన కావచ్చును. పై తరగతులకు తెలుగున గ్రంథములు సమకూర్చుటకై 1968లో తెలుగు అకాడమి యేర్పడినది యీ కొఱతను తీర్చుటకే. ప్రశ్నావళి యిట్టివానిని కొలిచినప్పుడు బుద్ధిని కొలిచెనో, భాషను కొలిచెనో తేలదు.

ప్రశ్నావళిని తెనిఁగించినంతమాత్రమున దోషము తీరునా? చదువు అను తెలుగుమాటకు పుస్తకమును పఠించుటయు విద్యయు రెండర్థములు. తమిళమున పడి, కన్నడమున ఓదు అనువానికిని అట్లే. కావ్యములలో నేర్చుటకు కఱచు, నేర్పుటకు కఱపు అను మాటలుండెను. తమిళపు కల్, కన్నడపు కలి వీని బంధువులు. నేఁడు తెలుగున కఱచుట కుక్కలకును పాములకును మిగిలినది. కాని ప్రజల నోట మఱికొన్ని మాటలు చెక్కుచెదరక యున్నవి: పాఠము నోటికి వచ్చినది, తలకెక్కినది, ఒంటఁబట్టినది. గురువునకు పాఠమును అప్పగించుట యనునది మఱొకటి. తీసికొన్న సొమ్మును తిరిగి యిచ్చుట యను భావ మందున్నది. నోటికి వచ్చి తలకెక్కని చదువును, తలకెక్కి యొంటఁబట్టని చదువును తెలుగువాఁడు తడుముకొనక వేఱుచేయును. లోఁతు, పైపై యను రెండు గదులలో నీ మూఁడు మాటలు పట్టవు.

ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడుల పొలిమేరలు కలియు కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. ఈ మూఁడు భాషల మాటలను పోల్చి ప్రశ్నావళి కూర్చుటకు అంతకంటె తగిన చోటు లేదు. మొదట చేయవలసినపని చిన్నది: బిగ్సు వాక్యమును రెండుగా విఱిచి, నోటికి వచ్చినదా యని యొకమాఱు, తలకెక్కినదా యని యొకమాఱు వేఱువేఱుగా నడుగుట.