గొంతును బట్టి శ్రుతి

త్యాగరాజ కృతుల పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగం, తాళం ఉంటాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనూ అంతే. ఏ శ్రుతిలో పాడాలో మాత్రం ఉండదు. అది పాడేవాళ్లు తేల్చుకోవలసిన సంగతి. గిటారు నేర్చుకునే పిల్లల చేతుల్లోని కార్డుల కాగితం తీరు వేరు. అందులో పాటను ఒక శ్రుతికి కట్టేసి ఉంచుతారు: జి, ఇ మైనర్, సి, డి. గొంతు అక్కడికి అందకపోతే కాగితాన్ని మార్చాలని తోచక, చాలామంది గొంతునే హింసపెడతారు.

మన కచేరీల్లో శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కలో చెబుతారు. సి తెల్లమెట్టు ఒకటి, డి రెండు, అలా బి దాకా ఏడు. నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర శ్రుతి అంటూ లేదు; ఇ, ఎఫ్‌ల మధ్య నల్లమెట్టే లేదు మరి. మగవాళ్లు ఎక్కువగా ఒకటికీ రెండున్నరకూ మధ్య, ఆడవాళ్లు నాలుగున్నరకూ ఆరుకూ మధ్య పాడతారు. గాయకులు మారితే తంబూర తీగలు సవరిస్తారు, వయొలిన్ బిరడాలు తిప్పుతారు, వేణువు విద్వాంసులు సంచిలోంచి మరో వేణువు తీస్తారు. సరిగమలు మాత్రం అవే. షడ్జం ఎక్కడ పెడితే మిగతా స్వరాలు అక్కడి నుంచే లెక్క.

ఇంకో సూక్ష్మం కూడా మనవాళ్లు కనిపెట్టారు. పున్నాగవరాళి, నాదనామక్రియ, కురంజి, నవరోజు వంటి రాగాలు తారషడ్జం దాకా పోవు. మామూలుగా పాడితే గొంతు కింది అంచులోనే తిరుగుతుంది. అందుకే మధ్యమాన్ని షడ్జంగా పెట్టుకుని, తంబూరలో పంచమం తీగను మధ్యమానికి దించి పాడతారు. దీన్నే మధ్యమ శ్రుతి అంటారు. పాట మొత్తం ఐదు మెట్లు పైకి జరుగుతుందన్నమాట.

గిటారిస్టు చేయవలసిందీ ఇదే. జి షడ్జమనుకుంటే పైన చెప్పిన నాలుగు కార్డులూ స, ద, మ, ప స్వరాల మీద నిలబడ్డవి. షడ్జాన్ని డికి మార్చితే అవి డి, బి మైనర్, జి, ఎ అవుతాయి. అన్నీ ఒకే దూరం జరుగుతాయి, మైనర్ మైనర్‌గానే ఉంటుంది. అక్షరాలు బట్టీపట్టినవాడు ప్రతి పాటకూ కాగితం తిరగరాసుకోవాలి. స్వరస్థానం పట్టుకున్నవాడికి ఆ పని లేదు.

అసలు చిక్కు ఎన్ని మెట్లు జరపాలన్నదే. పల్లవి హాయిగా ఉందని శ్రుతి ఖాయం చేసుకుంటే చరణంలో పట్టుబడిపోతారు. సినిమా పాటల్లో చాలావరకు పైస్థాయి చరణంలోనే దాగి ఉంటుంది. ముందు ఆ పై స్వరం, తర్వాత అన్నిటికంటే కింది స్వరం పాడి చూసుకోవాలి. కష్టం తప్పుతుందని మరీ దించితే మొదటి వాక్యమే నూతిలోంచి వచ్చినట్టుంటుంది. పై స్వరం దగ్గర గొంతు కాస్త బిగుసుకోవడం కొన్ని పాటలకు ప్రాణం కూడా. దాన్ని పూర్తిగా తీసేయడం నాకు నచ్చదు.

గిటారు మెడ మీద తీగలను నొక్కిపట్టే కాపో బిగిస్తే శ్రుతి పెరుగుతుందే గానీ తగ్గదు. జిలో ఉన్న పాట ఇకి, అంటే మూడు మెట్లు కిందికి, రావాలంటే రెండో ఫ్రెట్‌లో కాపో పెట్టి డి, బి మైనర్, జి, ఎ పట్టుకుంటే చాలు. నాలుగో ఫ్రెట్‌లో పెట్టి సి, ఎ మైనర్, ఎఫ్, జి పట్టుకున్నా వచ్చేది అదే శ్రుతి. నాదం మాత్రం ఒకటి కాదు: కాపో పైకి పోయేకొద్దీ తీగలు పొట్టివై సన్నగా మోగుతాయి. కీబోర్డులోని ట్రాన్స్‌పోజ్ మీట ఈ తంటాలేవీ లేకుండా పని కానిస్తుంది. కాకపోతే వాయించేవారి వేలు సి మీద ఉంటుంది, వినపడేది డి. పక్కనున్న గిటారిస్టు ఆ వేళ్లు చూసి వాయిస్తే గోలే. ఆ మీటను తర్వాతి పాటకు సున్నాకు తేవడం మరిచిపోతే ఇంకా గోల.

వీటిలో ఏదీ పూర్తిగా తీర్చలేనిది యుగళగీతం. ఒకటి శ్రుతి గాయకుడికి కుదిరినచోట ఐదున్నర శ్రుతి గాయని అదే స్థాయిలో పాడితే అడుగున చిక్కుకుంటుంది, ఒక స్థాయి పైకి పోతే అరవవలసి వస్తుంది. ఇద్దరికీ కాస్త కాస్త ఇబ్బందిగా ఉండే మధ్య శ్రుతి ఒక దారి. వేదికల మీద కొందరు ఇంకో పని చేస్తారు: ఇద్దరూ వంతులవారీగా పాడే పాటైతే, ఆమె చరణానికి ముందు వాద్యాలు వాయించే వ్యవధిలోనే శ్రుతి మార్చేస్తారు.