వ్యాన్ కింద పనితనం

నార్వే చలికాలంలో, క్యాంపర్‌వ్యాన్‌లో పొద్దున్నే కుళాయి తిప్పగానే నీళ్లొచ్చాయంటే, ఆ పుణ్యం బండి కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మెకానిక్‌ది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ట్యాంకు తట్టుకున్నా సన్నటి పైపు, వాల్వు చిట్లిపోవచ్చు. అందుకే అతను బయటి ట్యాంకుకు నీరు పీల్చని ఫోమ్ చుట్టి, అడుగున 12 వోల్టుల హీటింగ్ ప్యాడ్ అతికిస్తాడు. ఫోమ్ వేడిని పుట్టించదు, ఉన్న వేడిని త్వరగా పోనివ్వదంతే. ఆ తేడా ఎరగడమే పనితనం. పైపు మలుపులనూ, వాల్వునూ మరువడు. బండి వాడనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కుళాయిలు తెరిచి ఉంచమని మరీ మరీ చెప్పి పంపుతాడు. ఎవరి కంటా పడని చోట ఇంత శ్రద్ధ పెట్టే ఆ చేతులకు నమస్కారం.