ఎండ కన్నెరుగని స్తుతి

మన కథకులు కులస్త్రీని వర్ణింపబూనినప్పుడు ‘ఎండ కన్నెరుగని’ యను విశేషణమును తడుముకొనక వాడుదురు. ఇది సంస్కృతమునందలి ‘అసూర్యంపశ్య’కు తోబుట్టువు. పాణిని యీ పదమును సాధించిన సూత్రముననే (3-2-36) ‘లలాటంతప’ పదమును గూడ సాధించెను. నొసటిని కాల్చువాడు, అనగా నడినెత్తి సూర్యుడు, అని దాని యర్థము. వ్యాఖ్యాతలు మొదటి పదమునకు రాజపత్నుల నుదాహరించిరి. రెండవదానియందు కాలునది యెవరి నొసలో చెప్పలేదు.

నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలలో ఆ సంగతి యడుగ నక్కరలేదు. ఇచ్చట వేసవిలో వేడిమి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. నాట్లు, కలుపు, మిరపకాయ లేరుట ఆడువారి పనులు. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరు రాతి యానకట్ట మనుష్యుల తలలమీదుగా లేచినది. ఆ తలలలో స్త్రీలవియు గలవు. పాలమూరు కూలీలు ఆలుబిడ్డలతో దూరదేశముల కట్టడములకు వలసపోయిన సంగతి లోకవిదితము.

ఇట్టి సీమలో ఎండ యనగా వట్టి వెలుతురు కాదు. ‘ఎండు’ క్రియ దానియందే యున్నది. కళ్లములో మిరప యెండిన సంతోషము, చెరువెండిన దిగులు, కడుపెండిన దుఃఖము: అన్నిటికి నదే మాట. ప్రొద్దు వేరు, అది కాలమును జెప్పును, పొడుచును, ఎక్కును, గూకును. సాయంకాలపు మెత్తని కాంతికి నీరెండ యని మరియొక పేరు. ఇన్ని భేదము లెరిగిన భాషలో, ఆంగ్లేయుల సన్‌షైనును జూచి నాయిక నవ్వును ఎండతో బోల్చిన చదువరికి చెమటయే పట్టును. చలిదేశమువారికి సూర్యుడు చుట్టము. మనకు వెన్నెల చుట్టము.

సుకుమారముగా పెరిగిన దనియే ‘ఎండ కన్నెరుగని’ మాటకు భావమని కొందరందురు. అట్లైన నది పుట్టింటి కలిమికి స్తుతి గాని యామె గుణమునకు గాదు. ఎండ సోకని దేహమున డి విటమిను చాలినంత పుట్టదని వైద్యులు చెప్పుచుండగా మన స్తుతి రోగమునుగూడ మెచ్చుకొనుచున్నది!

మేము బడిలో వ్యాసములు దిద్దువారము. ఉత్తమస్త్రీని వర్ణింపుమన్నచో, కూలికి బోవు తల్లి గల బాలికయు నీ మాటనే వ్రాయును. తన తల్లిని ఆ స్తుతినుండి తానే వెలివేయుచున్నట్లు ఆమె యెరుగదు. పాఠ్యపుస్తకము నేర్పినదే వ్రాసినది. మే మా మాటక్రింద ఎఱ్ఱసిరాతో గీతగీసి, ప్రక్కన ‘ఎవరు?’ అని వ్రాయుచున్నాము.