రెండో తీగ ఎక్కడ?

ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరుపడిన బిట్రగుంటలో, 1980 నాటికి విజయవాడ–చెన్నై మార్గం విద్యుదీకరణ పూర్తి కావడంతో, పట్టాల మీదుగా 25,000 వోల్టుల తీగ సాగింది. ఆ ఊరి పిల్లలకు ఆరేడు తరగతుల్లో విద్యుత్ పాఠం చెప్పేవారికి ఆ తీగే ఒక చిక్కు ప్రశ్నను అందిస్తుంది: విద్యుత్ ప్రవహించాలంటే వలయం, అంటే బయలుదేరిన చోటికే తిరిగి చేరే తెగని దారి, ఉండాలని పాఠం చెబుతుంటే, రైలు నెత్తిన కనిపించేది ఒక్క తీగే.

1980ల్లో న్యూజిలాండ్‌లో సైన్స్ విద్యా పరిశోధకుడు రోజర్ ఆస్బోర్న్ విద్యుత్ గురించి పిల్లల ఊహలను పరిశీలించినప్పుడు, బల్బుకు ఒక తీగ చాలని కొందరు, రెండు తీగలున్నా బల్బు కొంత కరెంటును తినేస్తుందని మరికొందరు అనుకుంటున్నట్లు తేలింది. నిర్వచనం వల్లె వేయించినంత మాత్రాన ఈ ఊహలు పోవు. 1.5 వోల్టుల టార్చిలైటు సెల్, ఒక చిన్న బల్బు, ఒకే ఒక తీగ ముక్క చేతికిచ్చి వెలిగించమంటే, పిల్లలు చాలాసార్లు బల్బు అడుగునున్న బొడిపెనే పట్టుకుని తంటాలు పడతారు. బొడిపె సెల్ ఒక ధ్రువానికీ, బల్బు పక్కనున్న లోహపు తొడుగు రెండో ధ్రువానికీ కలిసినప్పుడే అది వెలుగుతుంది. బొడిపెకూ తొడుగుకూ మధ్యనున్న నల్లటి పదార్థం విద్యుత్ బంధకం, అంటే కరెంటును సాగనివ్వనిది, కనుక దారి ఫిలమెంటు గుండానే సాగాలి.

రైలింజన్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పైకప్పు మీది పాంటోగ్రాఫ్ అనే చట్రం తీగను తాకి గ్రహించిన కరెంటు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట గుండా చక్రాలకు, అక్కడి నుంచి పట్టాలకు దిగి, పట్టాల వెంటా నేల గుండా సబ్‌స్టేషన్‌కు చేరుతుంది. ఇది సెకనుకు 50 ఆవర్తనాలతో దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్ అయినా దారి మాత్రం మారదు. ఖర్చయ్యేది శక్తి తప్ప కరెంటు కాదని, బల్బుకు ముందూ వెనకా అమ్మీటరు పెట్టి ఒకే రీడింగు చూపితే తరగతిలోనే రుజువవుతుంది.

ఈ అవగాహన పరీక్ష మార్కులకు మించిన పని చేస్తుంది. పట్టాలూ నేలా తిరుగుదారిలో భాగమైనప్పుడు, నేల మీదో, పట్టాలపై ఉన్న లోహపు వ్యాగన్ మీదో నిలబడ్డ మనిషి వలయం ఒక కొసను అప్పటికే తాకి ఉన్నట్లు లెక్క. అంత వోల్టేజీ దగ్గర, మనిషి తీగను తాకకపోయినా కరెంటు గాలి మీదుగా దూకగలదు గనుక, ఆగి ఉన్న వ్యాగన్ పైకి ఎక్కకూడదనే హెచ్చరికకు కారణం ఏమిటో ఆ పిల్లలే వివరించగలుగుతారు.