ఒప్పుకున్నంత మాత్రాన

ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకుంటే బీడీఎస్ఎంలో, అంటే కట్టెయ్యడం, నొప్పించడం లాంటి శృంగారపు ఆటల్లో, తప్పేముందని అడిగేవాళ్లతో నాకు పేచీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇద్దరూ ఒప్పుకుని చేసేదాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. 2022లో అమల్లోకి వచ్చిన ఆ జాబితా కొత్త కూర్పు ఐసీడీ-11లో అది లేదు. నా బెంగల్లా, ఒప్పుకున్నాం కదా, ఇక భయమేముంది అనుకునేవాళ్ల గురించే. ఒప్పందం మనసుల మధ్యది. నరాలకూ ఊపిరికీ దాంతో పని లేదు.

నాకు బాగా తెలిసింది తాడు పని. మా ఇంట్లో కట్టేది నేను, కట్టించుకునేది మా ఆయన. తాడుతో కట్టే జపాన్ పద్ధతి షిబారిలో వాడే జనపనార తాడు, ఆరు మిల్లీమీటర్ల లావు. ముడుల అందం కంటే ముందు నేర్చుకోవలసింది దండచేయి గురించి. రేడియల్ నరం అక్కడ ఎముక వెనక నుంచి మెలితిరిగి, మోచేతికి కాస్త పైన బయటివైపు చర్మానికి దగ్గరగా వస్తుంది. అక్కడ తాడు ఒత్తుకుంటే మణికట్టు వాలిపోతుంది, ఎత్తుదామన్నా లేవదు. తాగి, కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి నిద్రపోయినవాళ్లకు వచ్చేదీ ఇదే. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. అన్నాళ్లూ అన్నం కలుపుకోవడానికీ గుండీ పెట్టుకోవడానికీ ఇబ్బందే.

పైగా ఇది నొప్పి లేకుండానే జరగొచ్చు. రక్తం ఆడక తిమ్మిరెక్కినా, నరం నలిగి మొద్దుబారినా, కట్టించుకున్న మనిషికి తేడా తెలియకపోవచ్చు. చెయ్యి వెచ్చగా, ఎర్రగా ఉన్నంత మాత్రాన నరం క్షేమమని కాదు. అందుకే "బాగానే ఉందా?" అని అడిగి ఊరుకోను. ఆయన చేతి వెనకవైపు నా అరచెయ్యి ఆనించి, "ఏమండీ, నా చేతిని వెనక్కి నెట్టండి" అంటాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనక చర్మాన్ని గోటితో మెల్లగా గీస్తాను. బలం తగ్గినా, స్పర్శ మందగించినా వెంటనే విప్పేస్తాను. ముడి మొరాయిస్తే, నర్సులు కట్లు కత్తిరించే మొండిమొన కత్తెర చేతికందే చోటే ఉంటుంది. తాడు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. కట్టిన మనిషిని వదిలి పక్కగదిలోకైనా వెళ్లను. ఇద్దరిలో ఎవరు మందు తాగినా ఆ రోజు తాడు బయటికి రాదు.

సేఫ్‌వర్డ్ తప్పనిసరి. రెడ్ అంటే ఆపెయ్యాలి, యెల్లో అంటే నెమ్మదించాలి. నోటికి గుడ్డ ఉంటే చేతికి తాళాలగుత్తి ఇచ్చి, జారవిడిస్తే ఆపాలని ముందే అనుకోవాలి. అయినా భారమంతా దాని మీదే వేయకూడదు. ఉద్వేగంలో ఉన్న ఒంటికి నొప్పి సరిగ్గా తెలియదు. తెలిసినా, ఎదుటివాళ్ల సరదా పాడవుతుందేమోనన్న మొహమాటం నోరు నొక్కేస్తుంది. మనవాళ్ల మొహమాటం సంగతి వేరే చెప్పాలా? కనిపెట్టుకుని ఉండాల్సిన బాధ్యత తాడు పట్టినవాళ్లదే.

మెడ దగ్గర మాత్రం నేను ఏ వాదనా వినను. మెడకు రెండు పక్కలా ఉన్న కెరోటిడ్ ధమనులు నొక్కుకుపోతే పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు. స్పృహ తప్పినవాళ్లు రెడ్ అనలేరు. రక్తనాళం లోపలి పొర చిరిగితే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. మెల్లగా నొక్కితే ఏమీ కాదన్నది అబద్ధం. మీ భాగస్వామి ముచ్చటపడి అడిగినా కాదనండి.

చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 18 దాటినవాళ్లు ఒప్పుకుని పడిన దెబ్బలకు భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ కొంత మినహాయింపు ఇస్తుంది. ప్రాణం పోవచ్చనో, తీవ్రగాయం కావచ్చనో తెలిసి చేసినదానికి ఆ మినహాయింపు లేదు.

చివరిగా ఒక్క మాట. చెయ్యి వాలిపోతే నాలుగు రోజులు చూద్దామని ఆగకండి. మెడ నొక్కుకున్నాక తలనొప్పి వచ్చినా, గొంతు మారినా, చూపు మసకబారినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ సిగ్గుపడి, నిద్రలో నలిగిందనో, మెట్లమీంచి పడ్డామనో చెప్పకండి. ఎక్కడ ఒత్తిడి పడింది, ఎంతసేపు పడింది అన్నవి డాక్టరుకు తెలియాలి. ఆ రెండూ దాచకుండా చెప్పండి.