వసుదేవుని కుశలప్రశ్న

కుటుంబ న్యాయస్థానముల ఉత్తరువులలో ‘సందర్శన హక్కు’ అను సమాసము నేడు తరచుగా కానవచ్చుచున్నది. బిడ్డ తనయొద్ద కాక వేరొకరి సంరక్షణలో పెరుగుచున్నప్పుడు, కన్నవారు నియమితమైన దినమున, నియమితమైన వేళకు పోయి ఆ బిడ్డను చూచి రావచ్చునని న్యాయస్థానము ఇచ్చు అనుమతికి ఇది పేరు. ఆంగ్లపదమునకు మారుగా ఏర్పడిన మాట యగుటచే దీని అర్థము తెలియుచునే యున్నది. కాని తెలుగు చెవికి ఇది కొంత ఎదురుతిరిగినట్లు తోచును. మన వ్యవహారమున శిష్యుడు గురువును, భక్తుడు దైవమును, యాత్రికుడు క్షేత్రమును సందర్శింతురు. తండ్రి కొడుకును ‘సందర్శించుట’ ఎట్టిది? న్యాయవాదులను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. మాట లేనిచోట వారు మాటను కల్పించుకొనిరి. మాట లేదు సరే, ఆ స్థితియైనను మన సాహిత్యమునకు తెలియదా యనునదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి కలిగినది కాదు. 1998లో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు ఎట్లు పెరిగినవో పాఠకులెరుగుదురు. సైబరాబాదని పిలువబడు ఆ ప్రాంతపు ఉద్యోగములు దంపతులను ఒక నగరమునుండి మరియొక నగరమునకు, ఈ దేశమునుండి మరియొక దేశమునకు త్రిప్పుచుండును. పిల్లలు అమ్మమ్మ తాతయ్యల కడ నిలుతురు. తల్లి మరణించినను, దంపతులు విడిపోయినను ఆ నిలుకడయే శాశ్వతమగును. కొన్ని యేండ్లకు తండ్రి తిరిగివచ్చి బిడ్డను చూపుడని అడుగును. అప్పటికి ఆ బిడ్డ ‘నాన్న’ యని పిలుచుట తాతగారినే కావచ్చును. అట్టి యిండ్ల పిల్లలు పెరిగి మన తరగతులలో కూర్చుండుచున్నారు. వారి యెదుట దశమస్కంధము చెప్పుచు, కన్నప్రేమకన్న పెంచినప్రేమ మిన్న యను లోకోక్తితో పాఠము ముగించుట మాకు ఇటీవల కష్టముగా నున్నది. ఆ మాట అబద్ధమని కాదు. అది సగము మాత్రమే.

మన కావ్యములలో బిడ్డకు దూరమైన తండ్రులు పెక్కురు కలరు. ఐనను వారి కథలు సాధారణముగా ఒక్క సభలో తేలిపోవును. కణ్వాశ్రమమున పుట్టి పెరిగిన కొడుకును దుష్యంతుడు నిండుకొలువున కాదనును. ఆకాశవాణి తీర్పు చెప్పగా వెంటనే ఔననును. వాల్మీకి పెంపున నున్న కుశలవులు రామునికి దక్కుదురు. దక్కిన ఘడియలోనే సీత భూమిలోనికి పోవును. అంతయు లభించుట, లేదా అంతయు పోవుట. కొంత లభించి కొంత లభింపని తండ్రి ఆ కథలలో లేడు. అరణ్యపర్వమున సూర్యుడు కర్ణునికి కలలో కనబడి, కవచకుండలములకై ఇంద్రుడు రానున్నాడని హెచ్చరించుట ఇందుకు ఒక అపవాదము. కన్నవాడు ఒక్కమారు వచ్చును, బిడ్డ క్షేమమునకు వలసినది చెప్పును, తాను తండ్రినని చెప్పక పోవును. ఆ ఘట్టము విడిగా పరిశీలింపదగినది.

మేము ఇచట ముఖ్యముగా చూపదలచినది భాగవతమునందలి నందవసుదేవ సమాగమము. సంస్కృత మూలమున ఇది దశమస్కంధమున 5వ అధ్యాయమునందున్నది. పోతన తెనుగున ఇది పూతన కథకు ముందు వచ్చును. పూతన రాకకు నందుడు ఊరలేకుండుటకై కవి కల్పించుకొనిన సంధిగా దీనిని చదివి దాటిపోవుట పరిపాటి. మేమును అట్లే యేండ్ల తరబడి దాటిపోయితిమి.

నందుడు కంసునకు కప్పము చెల్లించుటకై మధురకు పోవును. ఆ సంగతి విని వసుదేవుడు, రాజునకు చెల్లింపవలసినది చెల్లినదని తెలిసికొనిన తరువాత, తానే నందుని విడిదికి పోవును. ఇరువురు మిత్రులు కౌగిలించుకొందురు. పిమ్మట వసుదేవుడు రెండు సంగతులు చెప్పును. మొదటిది అభినందనము: ముదిమి పైబడి, సంతానముపై ఆశ వదలుకొనిన నీకు కొడుకు కలిగెను, అది నీ భాగ్యము. ఆ కొడుకు వసుదేవుడు స్వయముగా రాత్రివేళ యమున దాటించి యశోద ప్రక్కన పరుండబెట్టి వచ్చినవాడు. కన్నతండ్రి పెంచుతండ్రికి పుత్రోత్సవ శుభాకాంక్షలు చెప్పుచున్నాడు. వసుదేవునకు తెలియును, నందునకు తెలియదు.

రెండవది ప్రశ్న. రోహిణితో కూడ నందుని వ్రేపల్లెలో పెరుగుచున్న బలరాముని గూర్చినది. నా కొడుకు, తల్లితో నీ మందలో నుండి, నిన్నే తండ్రిగా భావించుచు, మీ దంపతుల లాలనలో బాగుగా నున్నాడు గదా యని ఆ ప్రశ్నకు తాత్పర్యము. ‘నా కొడుకు’ అనునదియు ‘నిన్ను తండ్రి యనుకొనువాడు’ అనునదియు ఒక్క వాక్యమున నున్నవి. రెండింటిలో దేనిని తీసివేసినను వాక్యము నిలువదు. మొదటిది తీసివేసినచో వసుదేవుడు పరాయివాడగును. రెండవది తీసివేసినచో నందుడు వట్టి దాదియగును. మా యెరుకలో తెలుగువారు చదువుకొను పురాణకావ్యములలో ఇట్టి వాక్యము మరియొకటి లేదు.

నందుని ప్రత్యుత్తరము ఇంతకంటెను లోతైనది. దేవకియందు నీకు కలిగిన బిడ్డలనెల్ల కంసుడు చంపెను, కడపటి ఆడుబిడ్డయు ఆకాశమునకు పోయెనని ఆతడు మిత్రుని ఓదార్చును. ఆ ఆడుబిడ్డ ఎవరిది? యశోద కన్నది, నందుని కూతురు. తన బిడ్డ పోయినదని తెలియక నందుడు, ఆ దుఃఖమునకు వసుదేవుని ఓదార్చుచున్నాడు. ఒక్కొక్కరు ఎదుటివాని బిడ్డయనుకొని తన బిడ్డను గూర్చి మాటలాడుచున్నారు, లేదా తన బిడ్డను ఎదుటివానిదిగా చెప్పుచున్నారు. నాటకమున దీనిని ప్రేక్షకులకు విప్పిచెప్పుటకై ఒక పాత్ర వలసియుండెడిది. పురాణకర్త ఎవరిచేతను చెప్పింపలేదు.

చివర వసుదేవుడు, ఇచట జాగు చేయవలదు, గోకులమున ఉత్పాతములు కానవచ్చుచున్నవని హెచ్చరించును. బిడ్డ సంరక్షకుడు ఇంట లేకుండుట మంచిది కాదని కన్నతండ్రి ఎరుగును. తాను పోజాలడు, పోదగినవానిని పంపుచున్నాడు. తరువాత గర్గుని పంపినదియు వసుదేవుడే. యాదవపురోహితుడైన గర్గుడు వ్రేపల్లెకు వచ్చి, కంసునకు తెలియకుండ గోశాలలో రహస్యముగా నామకరణము చేయుచు, ఈ బిడ్డ మునుపొకప్పుడు వసుదేవునకు జన్మించెను గనుక వాసుదేవుడని పేరు కలదని నందునితోనే చెప్పును. అది నిజము, నందునకు అది పూర్వజన్మమాటగా తోచును. పెంచుతండ్రి యింట, పెంచుతండ్రి సమక్షమున, కన్నతండ్రి పేరు బిడ్డపై నిలిచినది. నేటికిని మనము ‘వాసుదేవుడు’, ‘నందనందనుడు’ అని రెండును పిలుచుచున్నాము. ఒకటి రెండవదానిని కొట్టివేయలేదు. బిడ్డకు ఎవరి యింటిపేరు ఉండవలెనను తగవు ఆంధ్రప్రదేశమునుండి 2022లో సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయినదని తలచినపుడు గర్గుని నేర్పు విలువ తెలియును.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. వసుదేవుడు తానై బిడ్డను అప్పగించినవాడు, నందుడు మిత్రుడు. వ్యాజ్యమాడు తండ్రికిని ఆతనికిని పోలిక యెట్లు? ఆక్షేపణ న్యాయమైనదే. తానై అప్పగించి, పిదప వ్యాజ్యమాడిన తెలుగు తండ్రి కథను గూడ చూడవలసియున్నది.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తికి తండ్రి జిడ్డు నారాయణయ్య. భార్య సంజీవమ్మ గతించిన పిమ్మట, ఉద్యోగవిరమణ చేసి, 1909లో పిల్లలతో మదరాసు చేరువనున్న అడయారుకు, దివ్యజ్ఞాన సమాజము కొలువునకు వచ్చెను. 1910 మార్చిలో కృష్ణమూర్తి, నిత్యానందులకు అనీబిసెంటును సంరక్షకురాలిగా ఒప్పుకొని వ్రాసియిచ్చెను. పిల్లలు చదువులకై ఇంగ్లండు చేరిరి. వారిచుట్టు నున్నవారిని గూర్చి తండ్రికి అభ్యంతరములు ముదిరెను. 1912లో ఆయన చెంగల్పట్టు జిల్లా న్యాయస్థానమున దావా వేసెను. అది మదరాసు హైకోర్టునకు మారినది. బిసెంటు తన వాదమును తానే వినిపించెను. 1913లో తీర్పు తండ్రికి అనుకూలమైనది, అప్పీలునను నిలిచినది. 1914లో ప్రీవీ కౌన్సిలు దానిని త్రోసివేసెను.

ఈ వ్యాజ్యమును బిసెంటు గెలుపుగా చెప్పుకొనుట వాడుక. తీర్పు చదివినవారికి అది అంత సులభముగా కనబడదు. పిల్లలు ఇంగ్లండున నివసించుచుండగా చెంగల్పట్టు న్యాయస్థానమునకు అధికారము లేదనియు, వారి క్షేమమును, అభీష్టమును విచారింపక తిరిగి రప్పించు ఉత్తరువు చెల్లదనియు అందలి ముఖ్యాంశములు. తండ్రి హక్కును గూర్చి మాత్రము న్యాయమూర్తులు చెప్పినది వేరు. తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన న్యాసము. దానిని ఆతడు బ్రతికియుండగా మరియొకరికి పూర్తిగా ధారపోయజాలడు. అప్పగించినను, బిడ్డల క్షేమము కోరినచో తిరిగి తీసికొనవచ్చును. అయితే ఆ నడుమ బిడ్డలకు ఏర్పడిన అనుబంధములను, ఆశలను భంగపరచుట వారికి మంచిది కాదని తోచినచో న్యాయస్థానము అడ్డుపడును. వసుదేవుని వాక్యమునందలి రెండు సగములును ఇందు కలవు. కాని ఇవి ‘ఐనను’ అను మాటకు ఇటునటు నిలిచి పోరాడుచున్నవి. వసుదేవుని వాక్యమున అవి పోరాడవు. నారాయణయ్య కోరినది పిల్లలను పూర్తిగా తిరిగి ఇమ్మని. చూచి వచ్చుట అను నడిమి మార్గము ఆ వ్యాజ్యమున వివాదాంశమే కాలేదు. అంతయు, లేదా ఏమియు లేదు: దుష్యంతుని సభవలెనే.

ఆ మార్గము మన న్యాయస్థానములలో క్రమముగా ఏర్పడినది. 2020లో సర్వోన్నత న్యాయస్థానము, బిడ్డ తనయొద్ద లేని తల్లి గాని తండ్రి గాని, ప్రత్యేక కారణములున్న తప్ప, ప్రతిదినము 5 నుండి 10 నిమిషములు బిడ్డతో మాటలాడు హక్కు కలిగియుండవలెనని చెప్పినది. దూరదేశముననున్నవారికి దూరవాణి, వీడియో సంభాషణలను గూడ పేర్కొన్నది. ఇది సైబరాబాదు తండ్రులకు మిక్కిలి పనికివచ్చు తీర్పు. ఆ పది నిమిషములకు బిడ్డను పిలిచి కూర్చుండబెట్టువారెవరు? అమ్మమ్మ. ఆమె మనసు నందుని మనసు కాకున్నచో ఉత్తరువు కాగితముపైననే యుండును.

భాగవతకర్త నందుని పక్షమున గూడ కథను విడిచిపెట్టలేదు. కంసవధానంతరము పిల్లలు మధురలో నిలిచిపోగా నందుడు కన్నీటితో వ్రేపల్లెకు మరలును. చాల కాలమునకు సూర్యగ్రహణసమయమున కురుక్షేత్రమున అందరును కలిసికొందురు. అప్పుడు వసుదేవుడు నందుని కౌగిలించి, కంసుడు పెట్టిన బాధలను, గోకులమున ‘పుత్రన్యాస’మును స్మరించెనని మూలము. న్యాసమనగా నమ్మి దాచియుంచిన సొమ్ము. ధర్మశాస్త్రములు నిక్షేపమును ఉన్నది ఉన్నట్లు మరల ఇమ్మనును. బిడ్డ ఉన్నట్లు మరల రాడు, పెరిగి వచ్చును. పెంచినవారి పాలు, మాట, అలవాటు వానిలో కలిసియుండును. కావుననే నందుడు అచట నేడు పోదును, రేపు పోదునని అనుకొనుచు మూడు నెలలు నిలిచిపోవును. యాదవులు ఆతనిని గౌరవించుచునే యుందురు. ఈమారు చూడవచ్చినవాడు పెంచుతండ్రి. బిడ్డ కన్నతండ్రి యింటికి మరలినపుడు అమ్మమ్మకు మూడు నెలలు ఇచ్చు ఉత్తరువు మేము చూడలేదు.

ఈ వ్యాసపు తొలిప్రతి చదివిన ఒక పరిశోధకుడు, అట్లైన ‘సందర్శన హక్కు’నకు మారుగా ‘కుశలప్రశ్న’ యను మాటను సూచింపరాదా యని మమ్మడిగెను. ఆకర్షణీయమైన సూచనయే. మేము అంగీకరింపలేదు. వసుదేవుడు ఆనాడు మధురలో అడిగెను, వినెను, హెచ్చరించెను; బిడ్డను మాత్రము చూడలేదు. కృష్ణుడు వ్రేపల్లెలో నుండినది పదునొకండేండ్లు.